పలచటి క్రాంకు

“మూడు వేలది చాలు,” అన్నాడు నాన్న, ముచ్చటగా మూడోసారి.

తూనీగకి ఒళ్లు మండిపోయింది. సైకిలెక్కితే నేలమీద ఆగదని కోచ్ పెట్టిన పేరది, ఇప్పుడు ఇంట్లోవాళ్లకీ అదే నోటికొస్తోంది. ఆదివారం ఎంపిక పోటీ. గెలిస్తే పెద్ద జట్టులో చోటు, దాంతోపాటే ఉద్యోగం. ఓడితే అంతే సంగతులు, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఇవాళ గురువారం. సైకిలుకి క్రాంకుల్లేవు. కొనే డబ్బేమో నాన్న జేబులో ఉంది, ఆ జేబు తెరుచుకోవడం లేదు.

షాపాయన ఓపిక మెచ్చుకోవాలి. రెండు జతలూ మళ్లీ బల్లమీద పక్కపక్కన పెట్టాడు.

“చూడన్నా, పెడల్ని ఇరుసుకి కలిపే చెయ్యి ఇది. బరువంతా దీనిమీదే పడుతుంది. ఈ లావుది 6061 అల్యూమినియం. మంచిదే, కాదనను. కాస్త మెత్తన, అందుకని దిట్టంగా చేస్తారు. ఈ పలచటిది 7075. జింకు కలిసిన సరుకు, దాదాపు రెండింతల గట్టిది. వెనకవైపు ఇలా తొలిచేసినా తట్టుకుంటుంది. ఏడు వేలు. రేసుకి కావాల్సింది ఇదే.”

నాన్న పలచటిదాన్ని అందుకున్నాడు. ధర చీటీవైపు కన్నెత్తి చూడలేదు. దానిమీద అచ్చుకొట్టిన 7075 నంబరుని బొటనవేలితో ఓసారి తడిమి, వేడి తగిలినట్టు కింద పెట్టేశాడు.

“లావుదే ఇవ్వు.”

“నంబరు చూశావా అన్నా, ఎంత పొందిగ్గా కొట్టారో!”

“నంబరు తొక్కుతుందా? తొక్కేది కాలు.”

“ఆ కాళ్లు నావి!” అంది తూనీగ. “కొండెక్కేటప్పుడు ఆ బరువు మోసేది నేను నాన్నా, నువ్వు కాదు.”

“తేడా ఎంతుంటుందేంటి?”

“పావుకిలో.”

“పావుకిలోకే చతికిలబడతావా?”

“మా ఆటలో గెలుపోటములు బెత్తెడు దూరంలో తేలిపోతాయి. నీకు చెప్పినా అర్థంకాదు.”

నాన్నకి చీమ కుట్టినట్టయినా లేదు. బయట వాన దంచుతోంది. షాపు చూస్తే అగ్గిపెట్టంత. అటు నిలువెత్తు వేలాడే టైర్లు, ఇటు గుమ్మానికి అడ్డంగా నాన్న. ఊపిరాడనట్టయింది తూనీగకి. పోనీ డబ్బు లేదా అంటే, ఉంది. రెండు నెలలుగా రెండేసి షిఫ్టులు చేసి కూడబెట్టాడు. ఏడాదిగా వెళ్తున్నా అది ఏం షెడ్డో, ఏం పనో, అడిగితే ‘ఏదో సామాన్ల పని’ అని దాటేస్తాడు. అంత చాకిరీ చేసి తెచ్చిన డబ్బు తీరా అవసరమైనప్పుడు బయటికి తియ్యకపోతే ఏమనుకోవాలి?

“పోయినసారి విరిగింది కూడా ఆ పలచటిదే కదా,” అన్నాడు నాన్న మెల్లగా, గోడవైపు చూస్తూ.

“అది క్రాంకు తప్పు కాదన్నా,” షాపాయన అందుకున్నాడు. “అమ్మాయి బోల్టు అతిగా బిగించి ఉంటుంది. కోచ్ కూడా అదే అన్నాడు.”

తూనీగ తల దించుకుంది. కొండ సగంలో ఉండగా ఫట్‌మని విరిగింది. కంటిరెప్పపాటులో రోడ్డుమీద ఉంది, భుజం ఎముక రెండు ముక్కలు. ఆస్పత్రి మంచం మీంచి తనే ఏడుస్తూ చెప్పింది, “నా తప్పే నాన్నా, నేనే ఎక్కువ బిగించాను,” అని. నాన్న లేచి వరండాలోకి వెళ్లిపోయి, చాలాసేపటిదాకా లోపలికి రాలేదు. ఖర్చు నెత్తిమీద పడిందని కోపం కాబోలు అనుకుంది. ఆ తర్వాత రెండు నెలలూ ఆమె కళ్లలోకి సరిగ్గా చూసిందే లేదు ఆయన.

“ఈసారి జాగ్రత్తగా బిగిస్తాను. కొలిచి బిగించే పానా ఇస్తానన్నాడు కోచ్. ఒట్టు నాన్నా.”

“వద్దన్నాను కదా.”

“ఎందుకొద్దో చెప్పు మరి!”

నాన్న లావు క్రాంకుని షాపాయన వైపు తోశాడు.

“ఇంతకీ చెప్పవు. సరేలే, నీ మూడు వేలు కూడా నాకొద్దు.” తూనీగ గుమ్మంవైపు తిరిగింది. “కోచ్‌నే అడుగుతాను. జట్టు మొత్తానికి ఇవే తెప్పిస్తున్నాడు, నాకూ ఒక జత ఇవ్వకపోడు.”

“జట్టు మొత్తానికా?”

“ఎనిమిది మందికీ అన్నా,” షాపాయన ఉత్సాహంగా చెప్పాడు. “నిన్ననే ఆర్డరిచ్చాడు. శనివారానికి దిగిపోతాయి. అందరూ నీ కూతురి ఈడు పిల్లలే, చిచ్చరపిడుగులు!”

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

“ఆ ఆర్డరు ఆపెయ్యన్నా.”

“ఏంటీ?”

“ఆపెయ్యి. నీకు దణ్ణం పెడతాను. అది 7075 కాదు. అదీ ఆ 6061 రకమే. మెత్తటి సరుకునే తొలిచి పలచగా చేశారు, కొండమీద లేచి తొక్కితే ఆగదు.”

షాపాయన పగలబడి నవ్వాడు. “భలేవాడివన్నా! ఇంత స్పష్టంగా నంబరుంటే?”

తూనీగకి తల కొట్టేసినట్టయింది. నాలుగు వేలు మిగుల్చుకోవడానికి పరాయివాళ్ల ముందు ఇంత అబద్ధమా? చిన్నప్పటినుంచీ ఈయన్ని చూసేనా తను గర్వపడింది?

“కంపెనీవాళ్లకి తెలియంది నీకెలా తెలుసు నాన్నా?” అని నిలదీసింది. “చెప్పు, నీకెలా తెలుసు?”

రెండు నెలల తర్వాత మొదటిసారి ఆయన ఆమె కళ్లలోకి చూశాడు.

“ఆ నంబరు కొట్టేది నేనే తల్లీ.”