సుబేదారు నోటుబుక్కు

"ఆ నోటుబుక్కులో ఏముండాదో చూపిస్తేనే ఇతనికి బండి తాళాలు ఇస్తా. లేకుంటే ఇంకో డ్రైవర్ని చూసుకుంటా," అని తెగేసి చెప్పాడు పెంచలనరసయ్య.

ఆయనకు ఆత్మకూరులో రెండు లారీలున్నాయి. ఒకటి మర్రిపాడు మీదుగా బద్వేలుకు తిరుగుతోంది. రెండోది డ్రైవర్ లేక పదిరోజులుగా షెడ్డులో పడి ఉంది. మిలిటరీలో పదిహేనేళ్లు లారీ నడిపిన గురుస్వామి పని కోసం వస్తే, వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు. తీరా అతని డిశ్చార్జి కాగితాలు చదివించుకుంటే అందులో ఎర్ర సిరాతో ఒక ముక్క! డెబ్బై ఆరులో కొండ రోడ్డు మీద అజాగ్రత్తగా నడిపి బండిని లోయలో పడేశాడట.

పడేశావా అంటే పడేశానంటాడు. తాగి ఉన్నావా అంటే లేదంటాడు. మరి ఎట్టా పడింది అంటే నోరు తెరవడు. ఇదెక్కడి మొండిఘటం రా నాయనా అనుకుని, నరసయ్య అతణ్ని వెంటబెట్టుకుని ఉదయగిరి వచ్చాడు. గురుస్వామికి పైఅధికారిగా ఉండి రిటైరైన సుబేదారు అల్లావుద్దీన్ ఇల్లు అక్కడే. తన కింద పనిచేసిన ప్రతి మనిషి గురించీ ఆయన ఒక నోటుబుక్కులో రాసుకునేవాడని చుట్టుపక్కల మిలిటరీ వాళ్లందరికీ తెలుసు.

అల్లావుద్దీన్ అరుగు మీద కూర్చుని కొయ్య గరిటెను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. తల ఎత్తలేదు.

"అది సర్కారు పుస్తకం కాదు నరసయ్యా. నా సొంతానికి రాసుకున్నది. ఇంటినుంచి ఉత్తరమొస్తే ఎవడు ఏడస్తాడో, ఎవడికి మాపటేళ చూపు ఆనదో, అన్నీ ఉంటాయి అందులో. ఎవడు చేసిన తప్పు వాడి పేజీలోనే రాసినా. ఒకడి పేజీ ఇంకొకడికి చూపించేది లేదు."

"అందరివీ నాకెందుకండీ? ఇతనిది ఒక్కటి చూపించండి, చాలు."

"వాడి పేజీ వాడి సొత్తు. వాణ్నే అడుగు. ఊఁ అంటే చూపిస్తా."

ఇద్దరూ గురుస్వామి వైపు చూశారు. అతను స్తంభానికి ఆనుకుని నిలబడ్డవాడల్లా సర్దుకున్నాడు.

"వద్దు సాబ్. చూపించొద్దు."

"ఎందుకు వద్దు?" నరసయ్య గొంతు లేచింది.

"అది బయటపడితే మనిషి పరువు ఏం కావాలన్నా? ఎప్పుడో అయిపోయిన ముచ్చట. ఆ కాగితం చించి పొయ్యిలో వెయ్యండి సాబ్, మీకు పుణ్యముంటాది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే గదా! నరసయ్యకు ఉన్న కాస్త నమ్మకమూ ఊడిపోయింది.

"చించేది లేదురా. చూపించేదీ లేదు," అన్నాడు అల్లావుద్దీన్. గరిటె మీద కాగితం ఇంకా గట్టిగా ఆడింది.

ఆయన భార్య షరీఫున్నీసా టీ గ్లాసులు తెచ్చి అరుగు మీద పెట్టింది. "మీరు వచ్చి అడిగితే చూపిస్తాడా అన్నా? ముప్పై ఏండ్లు కాపురం చేసినా, నేనే ఇంతవరకు దాని అట్ట తప్ప చూళ్లేదు. ట్రంకుపెట్టెలో పెట్టి తాళమేసి, తాళంచెవి జేబులో వేసుకుని పడుకుంటాడు ఈ మనిషి," అంది.

"ఇంక నేను చేసేదేముండాది తల్లీ," నరసయ్య టీ గటగటా తాగేసి లేచాడు. "చూడు గురుస్వామీ, నీ మీద నాకేం కోపం లేదు. దాచుకునేది ఉన్నోడికి నా బండి ఇయ్యను."

"ఒక్క నెల నడిపించి చూడన్నా," అన్నాడు గురుస్వామి. "మూడేండ్లుగా మాకు వాన లేదు. ఉన్న మేకలు కూడా అమ్మేసినా. నాకు స్టీరింగు తప్ప ఇంకో పని రాదు."

"నెల దాకా ఎందుకబ్బయ్యా? నా బండి పోయేదానికి ఒక్క మలుపు చాలదా? పోతే ఇంకోటి ఇచ్చేదానికి నాకు సర్కారు ఉండాదా?"

గురుస్వామి ఇక బతిమాలలేదు. చెప్పులు తొడుక్కుని, అల్లావుద్దీన్ ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. "పోయొస్తా సాబ్. మీరు బాధపడొద్దు. వేరే పని చూసుకుంటాలే," అని మెట్లు దిగాడు.

గరిటె మీద ఆడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఆగరా!"

అల్లావుద్దీన్ లోపలికి వెళ్లాడు. ట్రంకుపెట్టె మూత కిర్రుమంది. నల్ల అట్ట నోటుబుక్కు పట్టుకుని బయటికి వచ్చేసరికి గురుస్వామి పరుగున అరుగెక్కాడు.

"సాబ్, నేను వద్దన్నాను గదా! మాటిచ్చి ఇదేంది?"

"నీ పేజీ తియ్యనులేరా. మాటంటే మాటే. మొదటి పేజీకి మాత్రం నీ పర్మిషన్ నాకు అక్కర్లేదు. షరీఫా, నువ్వు కూడా ఇట్టా రా."

నోటుబుక్కు తెరిచి, మిగతా కాగితాలన్నీ గుప్పిట బిగించి పట్టుకుని, మొదటి పేజీ ఒక్కటే నరసయ్య ముఖం ముందు పెట్టాడు. గురుస్వామి తల వంచుకున్నాడు.

"గట్టిగా చదువు నరసయ్యా. మా ఇంటామె కూడా వినాల."

నరసయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. పైన పేరు చదివి ఆశ్చర్యపోయాడు. "ఇదేందండీ, అల్లావుద్దీన్ అని ఉండాది! మీ గురించి మీరే రాసుకున్నారా?"

"కింద చదువు."

కింద ఉన్నది ఒకే ఒక్క ముక్క. నరసయ్య కూడబలుక్కుంటూ చదివాడు.

"తొమ్మిది, పదకొండు, డెబ్బై ఆరు. సరదాపడి స్టీరింగు లాక్కుని బండిని లోయలో పడేసింది నేను. నన్ను కాపాడి శిక్ష అనుభవించింది గురుస్వామి."