జోడీ నియమం

"మళ్ళొకసారి చదువు, సోమయ్యా," అన్నాడు అధ్యక్షుడు రామలింగయ్య, కళ్ళద్దాలు పంచె అంచుతో తుడుచుకుంటూ.

కార్యదర్శి సోమయ్య గొంతు సవరించుకున్నాడు. "పోటీలో జోడీగా ఆడదలచినవారు గడిచిన ఏడాదిలో కనీసం నాలుగు టోర్నమెంట్లు కలిసి ఆడి ఉండవలెను. ప్రతిపాదించినవారు ఈశ్వరయ్య."

1974 వేసవి. బ్రిడ్జ్ ఆటగాళ్ళ అఖిల భారత మండలి ఆ ఏడు జాతీయ పోటీలను హైదరాబాద్‌కు ఇచ్చింది. ఎవరిని ఆడనివ్వాలో తేల్చే అధికారం ఆతిథ్యం ఇచ్చే ఊరి కమిటీదే. అందుకే లాల్‌దర్వాజాలో, బట్టల దుకాణం మీది క్లబ్బు గదిలో, ఐదుగురు సభ్యులు ఒక్క టేబుల్ ఫ్యాను కింద చెమటలు కక్కుతూ కూర్చున్నారు.

"మందికి ఏం కారణం చెప్తమన్నా?" అడిగాడు భిక్షపతి.

"కారణం సాఫ్‌గనే ఉంది," అన్నాడు ఈశ్వరయ్య. "పోటీ ముంగట ఎవడో కొత్తోన్ని పట్టుకొచ్చి జోడీ కడ్తరు, కప్పు ఎత్కపోతరు. ఏండ్ల సంది ఒక్కన్నే నమ్ముకొని ఆడెటోళ్ళ గతి ఏంది?"

మాట న్యాయంగానే ఉంది. కాని అది కడుపుమంటలోంచి వచ్చిందని ఈశ్వరయ్యకు తెలుసు.

బ్రిడ్జ్ ఇద్దరిద్దరు జట్టుగా ఆడే పేకాట. ఎదురుగా కూర్చున్నవాడి మనసు తెలిస్తేనే గెలుపు. ఈశ్వరయ్యకు పదకొండేళ్ళు ఎదురుగా కూర్చున్నవాడు విశ్వేశ్వర్. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో ఫిట్టర్లు, ఒకే షిఫ్టు. "నాకు సవతి ఉన్నది, దానికి మీసాలున్నయి," అని ఈశ్వరయ్య భార్య ఆండాలు తాముండే గౌలిపుర అంతా చెప్పుకుని నవ్వేది. నిరుడు వేసవిలో నాగపూర్ పోటీలో ఓడిపోయినప్పుడు ఈశ్వరయ్య ముక్కలు విసిరికొట్టాడు. "నీతోని ఆడుడు బంద్" అన్నాడు. రెండు రోజుల్లో విశ్వేశ్వర్ తనే వచ్చి బతిమాలుతాడనుకున్నాడు. విశ్వేశ్వర్‌కూ రోషం ఉంది, రాలేదు. ఆరు నెలలు గడిచాక సంతోష్‌నగర్‌లో బాబురావు ఇంటి ముందు అతని సైకిలు కనబడింది.

బాబురావు బ్యాంకు ఆఫీసరు. బొంబాయిలో పనిచేసినప్పుడు పందెం పలికే కొత్త పద్ధతి ఏదో నేర్చుకొచ్చాడని పేరు. ఇక రోజూ సాయంత్రం ఆ సైకిలు అక్కడే. టోర్నమెంటు మాత్రం ఆ ఇద్దరూ కలిసి ఇంకా ఒక్కటీ ఆడలేదు. ఈశ్వరయ్యకు తిన్న అన్నం వంటబట్టలేదు. విడిచిపెట్టింది తనే, నిజమే. కాని తను విసిరేసిన చొక్కా ఇంకొకడు తొడుక్కుని బజారులో తిరుగుతుంటే ఎవడికి మండదు?

"వచ్చే ఏడు సంది పెట్టుకుందాం," అన్నాడు రామలింగయ్య. "నిన్నటితోని గడువు అయిపోయింది. ఫారాలన్నీ వచ్చినయి."

"ఈ ఏడు సందే పెట్టాలె."

"జబ్బు పడో, బదిలీ అయ్యో ఏడాది ఆడనోళ్ళు ఉంటరు గద. వాళ్ళకన్న మినహాయింపు ఇద్దాం."

"ఒక్కనికి తలుపు తీస్తే అందరు దూరుతరు. ఎవ్వరికీ వద్దు."

భిక్షపతి మీసాల్లో నవ్వాడు. "విశ్వేశ్వర్ మీద గుస్సా కాదు గద అన్నా?"

"రూలుకు మొకం తెల్వది, భిక్షపతీ. నా తోడబుట్టినోడైనా అంతే."

ఈ మీటింగుకు ముందు వారంలో విశ్వేశ్వర్ రెండుసార్లు ఈశ్వరయ్య ఇంటికొచ్చాడు. రెండుసార్లూ ఈశ్వరయ్య బర్రెల కొట్టంలోకి జారుకుని, ఇంట్లో లేడని చెప్పించాడు.

"కొత్త పందేలు రాసుకున్న నోటుబుక్కు వట్టుకొని గంటసేపు కూసున్నడు పాపం," అంది ఆండాలు. "నీకు ఏందో చెప్పేదుందట. ఎన్ని దినాలు దాక్కుంటవు?"

"ఏం చెప్తడో నాకెర్కనే. బాబురావుతోని ఆడుతున్న, కమిటీల ఉన్నవు గద, జర చూసుకో అంటడు."

"ఆయనేమన్నడో ఇనకముందే నీకెట్లెర్క?"

ఈశ్వరయ్య బర్రెల ముందు గడ్డి సర్దాడు.

క్లబ్బు గదిలో ఓటింగు జరిగింది. మూడు చేతులు లేచాయి, రెండు లేవలేదు. నియమం ఖాయమైంది. మినిట్స్ బుక్కులో ఈశ్వరయ్య అందరికంటే ముందు సంతకం పెట్టాడు. కింది హోటలు నుంచి చాయ్ వచ్చింది. ఏడాదిగా ఏది తాగినా చేదే, ఇవాళ చాయ్ తియ్యగా గొంతు దిగింది.

సోమయ్య ఫారాల కవర్ల కట్ట విప్పాడు. గడువు ముగిశాకే, కమిటీ ఎదుట తెరవడం ఆనవాయితీ. జోడీలో ఒకరు సంతకం చేసి పంపితే చాలు. కొత్త నియమానికి నిలవనివాటి మీద "తిరస్కరణ" ముద్ర పడాలి. ఆరో కవరు మీది దస్తూరీని ఈశ్వరయ్య దూరం నుంచే గుర్తుపట్టాడు. పదకొండేళ్ళు ఆ చేతి రాతలోనే తమ స్కోర్లు చూసుకున్నాడు మరి.

"అది నాకియ్యి," అన్నాడు. కవరు తీసుకుని, ముద్ర సిరాలో అద్ది, దాని మీద గట్టిగా గుద్దాడు.

"తెరవకుండనేనా?" అన్నాడు రామలింగయ్య.

"తెరిచేదేముంది? లోపల ఎవలున్నరో ఊరందరికి ఎర్కనే."

"గట్ల కాదన్నా," అన్నాడు సోమయ్య, రిజిస్టరు ముందుకు జరుపుకుని. "తీసేసిన జోడీ పేర్లు రెండూ దీంట్ల ఎక్కాలె. ఢిల్లీల మండలికి పంపేదుంది. చదువు, రాస్కుంట."

ఈశ్వరయ్య తీరిగ్గా కవరు చింపాడు. ఫారం మడతలు విప్పాడు.

"ఒకటి, విశ్వేశ్వర్," అని చదివాడు, అందరికీ వినబడేలా.

సోమయ్య రాసుకున్నాడు. "రెండోది?"

ఈశ్వరయ్య ఫారం కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాడు. సోమయ్య లేచి వచ్చి, ఆయన భుజం మీదుగా వంగి తనే చదువుకున్నాడు.

రెండో పేరు ఈశ్వరయ్య.