కిలోమీటరు లైటు

“కిలోమీటరు దూరం కొడ్తదన్నడు దుకాణపోడు. కొట్టకపోతే వానికే వాపసిస్త,” అంటూ భిక్షం మంచె మీద నుంచి కొత్త ఎల్‌ఈడీ లైటును చీకట్లో పల్లిచేను మీదికి వేశాడు.

“నీకు సూసుడు రాదు, ఇటియ్యి,” అని హనుమమ్మ మొగుడి చేతిలోంచి లాక్కుంది.

వెలుగు తమ చేను దాటి మరిది చేనుగట్టు మీద పడింది. గట్టు తగాదా అయినప్పటి నుంచి పగటిపూట ఆ దిక్కే చూడదామె. అడవిపందులు బెదరాలని అక్కడ చుట్టూ కట్టిన పాత చీరల్లో ఒకటి ధగధగ మెరిసింది. ఆకుపచ్చ పట్టు, ఎర్రంచు. నిరుడు తమ బిడ్డ పెండ్లికి తోడికోడలు అండాలుకు తాను ఏరి ఏరి పెట్టిన చీర!

హనుమమ్మకు ఒళ్లు మండిపోయింది.

“ఏమే అండాలూ! నేను పెట్టిన చీర పందులకు కట్టినవా? కట్టుకోనీకి సిగ్గయితే ఆనాడే నా మొఖాన కొట్టకపోయినవా?”

అవతలి మంచె మీద నుంచి అండాలు గొంతు తాపీగా వచ్చింది.

“ఒర్లకు అక్కా. గా లైటు జర నీ గట్టు దిక్కు తిప్పు. మా కొత్తింట్ల పాలు పొంగిచ్చిననాడు నేను పెట్టిన పసుపు చీర ఏడున్నదో కనవడ్తది.”

హనుమమ్మ లైటును అక్కడే పట్టుకుంది. భిక్షమే ఆమె చేయి పట్టి తిప్పాడు.

తమ చేను మూలగుంజకు పసుపు చీర పీలికలై ఊగుతోంది. పోయిన నెల హనుమమ్మ తన చేత్తో వేసిన ముడి కూడా తేటగా కనిపించింది.

“మంచిగనే కొడ్తాంది గదే,” అన్నాడు భిక్షం.

హనుమమ్మ టక్కున ఆర్పేసింది.

“ఏం మంచిది? పొద్దుగాల్నే వాపసిచ్చి రా.”