తెరుచుకోని బొటనవేలు

“ఎక్కడైనా పడిందా? తలుపు సందులో వేలు పెట్టిందా?” చిట్టి కుడిచేతిని తన అరచేతిలోకి తీసుకుంటూ అడిగింది డాక్టరమ్మ.

“మా దగ్గర ఏమీ కాలేదండీ,” ఠక్కున అందుకుంది తల్లి. “డే కేర్‌లో ఒక ఆయా ఉంది. పిల్లల్ని చేయి పట్టుకుని బరబరా లాక్కెళ్తుంది. ఇది ఆవిడ పనే. దెబ్బ అని మీరు ఒక్క ముక్క రాసిస్తే చాలు.”

పక్కనే కూర్చున్న భర్త ఆమె ఒళ్లోని సంచి వైపు చూశాడు. అందులో ఫిర్యాదు కాగితం సిద్ధంగా ఉంది. అది డే కేర్ యజమానురాలికి అందిందంటే ఆయా ఉద్యోగం ఊడినట్టే.

అతనిది తాళాలు బాగుచేసే పని. బిగుసుకున్నది ఏది కనిపించినా చేతులు ఊరుకోవు. కిందటి ఆదివారం మధ్యాహ్నం, పడుకున్న చిట్టి బొటనవేలు కొస దగ్గర కాస్త వంగి ఉండటం చూసి, సాపు చేద్దామని పట్టి లాగాడు. లోపల టక్కుమంది. వేలు తెరుచుకున్నట్టే తెరుచుకుని మళ్లీ వంగింది. మర్నాటికి పూర్తిగా బిగిసిపోయింది. ఆ చప్పుడు వారం నుంచీ అతని చెవిలో తిరుగుతూనే ఉంది.

“ఆయా కాదండీ,” అన్నాడు చివరికి. “నేనే విరిచాను.”

భార్య వైపు చూసే ధైర్యం లేకపోయింది. గ్లాసు పగిలితేనే గంటసేపు దులిపేసే మనిషి. చిత్రంగా, నోరు మెదపలేదు.

“ఎలా విరిచావు నాయనా?”

“తాళాలు బాగుచేసే చెయ్యండీ, ఊరుకోక సాపు చేయబోయాను. టక్కుమంది.”

డాక్టరమ్మ నవ్వింది. “విరిగిన వేలుతో నా పెన్ను లాక్కుంటుందా ఇది?”

నిజమే. చిట్టి ఆ పెన్నుతోనే బల్ల మీద దరువేస్తోంది.

“ఇక్కడ తడిమి చూడు.”

వేలి మొదట్లో, అరచేతి వైపు, పెసరగింజంత ముడి తగిలింది.

“వేలిని వంచే నరం ఒక సన్నటి గొట్టంలోంచి జారుతుంటుంది. దాని మీద ఈ ముడి కట్టింది. గొట్టం మూతి దాటితే టక్కుమంటుంది, దాటలేకపోతే వేలు వంగే ఉండిపోతుంది. ట్రిగ్గర్ థంబ్ అంటాం. చిన్నపిల్లల్లో వస్తుంటుంది. దానికి ఎవరూ లాగక్కర్లేదు, విరవక్కర్లేదు.”

“మరి ఎక్స్‌రే?” అన్నాడు అతను.

“వాపు లేదు, నొప్పి లేదు. ఎందుకు దండగ?”

“తగ్గుతుందా అండీ?” తనూ ఆ ముడిని తడిమి చూస్తూ అడిగింది భార్య.

“ఎందుకు తగ్గదమ్మా? రోజూ స్నానం చేయించాక మెల్లగా సాగదీయండి. మొరాయిస్తే వదిలేయండి, మీ ఆయన తాళాలతో కుస్తీ పట్టినట్టు పట్టకండి. కొందరికి దానంతటదే సర్దుకుంటుంది. అప్పటికీ తెరుచుకోకపోతే, పాపకి మూడేళ్లు దాటాక చిన్న ఆపరేషన్ చేసి ఆ గొట్టం మూతి కాస్త వదులు చేస్తాం. వేలు మామూలుగా ఆడుతుంది.”

మెట్లు దిగుతూనే భార్య ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

“ముందు డే కేర్‌కి పదండి. పాపం, ఆ ఆయాని నానా మాటలూ అన్నాను. మొహం చూపించి క్షమించమని అడగాలి.”

“సరే. మరి నన్నెందుకు ఏమీ అనలేదు?”

“ఏమనాలి?”

“వారం రోజులు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. నా బదులు ఆవిడ మాటలు పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. తిట్టవే బాబూ, నాకూ కాస్త తేలికవుతుంది!”

ఆమె చిట్టిని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. వంగిన ఆ బుల్లి వేలిని పెదాలకి ఆనించుకుని, అతని వైపు చూడకుండానే అంది:

“మీకంటే ముందు నేను రెండుసార్లు లాగాను.”