మూడు సైజులకీ ఒకే మందు

ఐడహోలో తుపాకిమందు అమ్మే ఎల్డన్ కొట్టుకి మిర్నా వచ్చింది. తూటాలు ఇంట్లో తనే నింపుకుంటుంది.

"నైన్ ఎమ్మెం, థర్టీ ఎయిట్, ఫార్టీ ఫైవ్. ఈ మూడు సైజుల తూటాల్లోకీ పనికొచ్చే మందు ఒకటే ఇవ్వండి," అంది.

"దేనిది దానికి వేరేగా ఉంటేనే బాగుంటుందండీ. అన్నిటికీ ఒకటే అంటే దేనికీ పూర్తిగా నప్పదు."

"కాస్త సర్దుకుంటాం లెండి. తూటాలు నింపడానికి ఇంట్లో ఉన్న బల్ల ఒక్కటే. దానిమీద డబ్బా కూడా ఒక్కటే ఉంటే పొరపాటున ఒకదానికి బదులు ఇంకోటి పోసుకోం."

పెళ్ళాం చనిపోయిన ఈ ఆరేళ్ళలో ఎల్డన్‌కి తుపాకిమందు గురించి తప్ప వేరే మాట తోచడం లేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఏ తూటాకి ఏ మందు ఎంతో చెప్పే కొలతల పుస్తకం అరగంట తిరగేశాడు. చివరికి మూడు సైజుల పట్టికల్లోనూ ఉన్న మందు ఒకటి దొరికింది. చిన్న డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అవునూ, మీరు ఫార్టీ ఫైవ్ తుపాకి ఎప్పుడు కొన్నారు? ఆదివారం షూటింగ్ పోటీల్లో మీ చేతిలో ఎప్పుడూ చూళ్ళేదే?"

మిర్నా చెవులు ఎర్రబడ్డాయి. "అది నాది కాదు, నీది. మనకి బల్ల ఒక్కటేగా," అంది.

ఎల్డన్‌కి అర్థం కావడానికి కాస్సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ చిన్న డబ్బా వెనక్కి తీసేసి, లోపల్నుంచి పెద్ద డబ్బా మోసుకొచ్చాడు.