నాలుగు విడతలు

"చూడండి మావయ్యగారూ, ఎంత బరువు తూగేయో!" కాటాలో ఎగురుతున్న చేపపిల్లల్ని చూసి, ఇల్లరికం వచ్చిన కొత్తల్లుడు దుర్గాసాయి చెరువుగట్టు మీదే గంతేశాడు.

పక్క చెరువులో మావగారు పేరయ్యగారు మేపిన పిల్లలు మాత్రం తూకంలో తేలిపోయాయి.

"రెంటికీ మేత ఒకటే కదండీ అల్లుడుగారూ?"

"ఒకటేనండి. పసిపిల్లలండీ, చిన్న పొట్టలు. మీరు పొద్దున్నే ఒక్కసారే గుమ్మరిస్తున్నారు. నేనదే మేత నాలుగు విడతలుగా చల్లేనండి."

"ఆయ్!" పేరయ్యగారు ఇంటివైపు తిరిగి భార్యని కేకేశారు. "మహాలక్ష్మీ! అల్లుడుగారికీ ఇవాళ్టి నుంచి నాలుగు విడతలే!"

దుర్గాసాయికి ప్రాణం లేచొచ్చింది. రోజూ ఒకే విస్తట్లో గారెలూ, కోడిపులుసూ, పనసపొట్టు కూరా మింగలేక చస్తున్నాడు. ఇక కొంచెం కొంచెం తినొచ్చు.

వసారాలో కూర్చోగానే అత్తగారు కొండంత విస్తరి పెట్టారు.

"ఇది మొదటి విడతండీ బాబూ."

"ఇదంతానా! నాలుగింటికీ పంచాలి కదండీ అత్తయ్యగారూ!"

"అయ్యో, చేపలకైతే పంచుతారు గానీ, అల్లుడికి పంచుతారాండీ?" నొచ్చుకున్నారావిడ.

దుర్గాసాయి దిక్కుతోచక మావగారి కోసం చూశాడు.

ఎండుకొబ్బరి బస్తాలు తూచే పెద్ద కాటాని వసారాలోకి లాక్కొస్తున్నారాయన.

"తినకముందే ఓసారి ఎక్కండి అల్లుడుగారూ!"