"ఇంకోపాలి, అంకుల్!"

"ఇంకోపాలి, అంకుల్!" అన్నాడు ఆంద్రెస్, కెమెరా వెనక నుంచి.

పకీరిసామి పళ్లు నూరుకుంటూ, కూతురి పెళ్లికొచ్చిన పెద్దలకు పెట్టిన దండమే మళ్లీ పెట్టాడు. కొలంబియా నుంచి మలేసియాలోని ఈ బంటింగ్ ఊరి దాకా వచ్చిన ఈ సినిమా డైరెక్టరుకు తెలిసిన తెలుగు ముక్క అదొక్కటే. దానితోనే పొద్దుటి నుంచి గుడి మండపాన్నంతా ఆడిస్తున్నాడు.

"వీడియోకి మన సుగుమారన్ ఉన్నాడు గదా! ఈ గొడవేటమ్మా?" అని పకీరిసామి కూతురి చెవిలో గొణిగాడు.

"వేరే ఎవరు తీసినా ఒప్పుకోడు నాన్నా. సొంతంగా సినిమాలు తీసే మనిషి. కెమెరా, లైటు, సౌండు అన్నీ ఒక్కడే సేసుకుంటాడు. ఆర్టిస్టు! నీకు తెల్దు లా!" అని మలేసియా వాళ్ల 'లా' తగిలించి తర్షిణి ముసిముసిగా నవ్వింది.

ఆమెకు నవ్వుగానే ఉంది. పన్నెండు దాటితే ముహూర్తం పోతుంది. ఆ తరవాత మండపం ఇంకో పెళ్లివాళ్లది. వాళ్ల బస్సు అప్పుడే గేటు దగ్గర హారన్ కొడుతోంది. ముహూర్తం తప్పిందంటే అక్క పోలమ్మ బతికినన్నాళ్లూ దెప్పుతుంది.

పురోహితుడు తెర పట్టించాడు. జీలకర్ర-బెల్లం దాకా వధూవరులు ఒకరికొకరు కనబడకూడదు కదా. ఒక కొస పోలమ్మ, ఇంకో కొస వదినె గుణవతి పట్టుకున్నారు. ఇవతలి పీట మీద తర్షిణి, పక్కన పకీరిసామి.

ఆంద్రెస్ నేల మీద బోర్లా పడుకుని తీశాడు. నిచ్చెనెక్కి పైనుంచి తీశాడు. పొద్దున ఆడవాళ్లు పూసిన పసుపు చెమటకి కారి గడ్డంలోకి దిగుతున్నా పట్టించుకోలేదు. మేళం ఆపించాడు, మళ్లీ మొదలెట్టించాడు. మంత్రాల మధ్యలో పురోహితుడు తుమ్మితే అది తెగ నచ్చి, దానికీ "ఇంకోపాలి" అన్నాడు. ఆయన పాపం నిజంగానే ప్రయత్నించాడు.

"తమ్ముడా, నా సెయ్యి పడిపోతంది! ఆ సినిమావోడికి సెప్పరా!" అని పోలమ్మ కేక పెట్టింది.

"ఏటి సెప్పమంటావక్కా? ఇయాల కసిరితే బాగుంటాదా?"

పురోహితుడు గడియారం చూపించాడు. "అన్నా, ఇంక ఐదు నిమిసాలే. తరవాత నా పూచీ నేదు."

బయట బస్సు హారన్ మళ్లీ మోగింది. మేళగాడు ఏడుపు ముఖంతో సన్నాయి దించేశాడు.

"ఇంకోపాలి!" అని నిచ్చెన మీద నుంచి ఆంద్రెస్ ఉత్సాహంగా అరిచాడు.

పకీరిసామి ఒక్క ఉదుటున లేచి, అతణ్ణి నిచ్చెన మీద నుంచి దింపి, కెమెరా లాక్కుని, రెక్క పట్టుకుని తెర అవతల ఖాళీగా ఉన్న పీట మీద కూర్చోబెట్టి, "ముందు పెళ్లి సేసుకో, అల్లుడు బాబూ!" అన్నాడు.